ఫ్లాస్కులో వచ్చిన టీ

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో అనంతపురంలో ఒక మెడికల్ కాలేజీలో సర్జరీ అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా ఉండేదాన్ని. ఆ విభాగంలో ఆడదాన్ని నేనొక్కదాన్నే. పొద్దున రౌండ్లు ముగియగానే మగ డాక్టర్లందరూ గేటు బయట టీ కొట్టుకు వెళ్ళేవాళ్ళు. నాకు మాత్రం టీ ఫ్లాస్కులో గదికే వచ్చేది. మా యూనిట్ చీఫ్ ఏర్పాటది. "ఆ కొట్టువాడు ఒక బకెట్ నీళ్ళతో పొద్దంతా గ్లాసులు కడుగుతాడమ్మా. డాక్టరమ్మ ఆడ నిలబడి తాగేదేంది, బాగుండదు" అని నేను చేరిన కొత్తలోనే తేల్చేశారు. మర్యాద కాబోలనుకున్నాను.

ఆయన రిటైరయ్యే నెల వచ్చింది. ఆయన తర్వాత యూనిట్ నా చేతికొస్తే ఆపరేషన్లు నా నిర్ణయం మీద జరుగుతాయి, పీజీలు నా దగ్గర నేర్చుకుంటారు, రేపు ప్రొఫెసర్ పోస్టుకు అదే ఆధారం. వరసలో నేనే ముందు. నా వెనక ఉన్న జూనియర్‌కి హెర్నియా ఆపరేషన్ చేయి పట్టి నేర్పింది కూడా నేనే. ఇంక అడిగేదేముంది అని ధీమాగా ఉన్నాను.

ఆ వారం ఫ్లాస్కుతో పాటు బొరుగుల ఉగ్గాణి, బజ్జీ రావడం మొదలైంది. మా చీఫ్ ఊరికే బజ్జీలు పెట్టే మనిషి కాదు. నాకు అనుమానం పుట్టింది. తింటున్నాను గానీ ఒక్క ముద్దా రుచించలేదు. నా బుద్ధే వంకరదేమోనని నన్ను నేను తిట్టుకున్నాను కూడా. చివరికి ఉండబట్టలేక ఫ్లాస్కు పట్టుకుని గేటు దాటాను.

"చీఫ్ సారుకు స్ట్రాంగ్!" అంటూ కొట్టాయన గ్లాసు అందిస్తున్నాడు. అందుకున్నది మా చీఫ్ కాదు, నా జూనియర్. నన్ను చూడగానే బెంచీ మీద మా చీఫ్‌తో సహా అంతా లేచి నిలబడ్డారు. ఆ లేవడంతో నాకు మొత్తం అర్థమైపోయింది.

"ఎప్పుడు తేల్చినారు సార్?" అన్నాను చీఫ్‌తో.

"తేల్చేదేందమ్మా, ఊరికే మాట్లాడుకుంటాండాం. నీకు చిన్న బిడ్డుండాది. రాత్రిపూట ఎమర్జెన్సీలంటే యాడ తిప్పలు పడతావని..."

"ఇప్పుడు ఆ ఎమర్జెన్సీలు చేస్తాండేది ఎవరు సార్?"

నా జూనియర్ గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు. ఇన్నేళ్ళూ ఈ బెంచీ మీద నా గురించి ఇంకా ఏమేం తేల్చారో అనుకుంటే ఒళ్ళు మండింది. ఫ్లాస్కు కొట్టు బల్ల మీద పెట్టేసి, నేనూ ఒక టీ చెప్పి, అందరి మధ్యా కూర్చుని తాగాను. రేపు కూడా వస్తానని చెప్పి మరీ లేచాను.

మర్నాడు వెళ్తే బెంచీ ఖాళీ.

"సార్లు యాడ?" అన్నాను.

"కొట్టు మారినారు మేడం."

"యాడికి?"

కొట్టాయన బకెట్లో గ్లాసులు ముంచుతూ తలెత్తలేదు. "మీకు చెప్పొద్దన్నారు" అంటూనే ఆస్పత్రి వెనక వీధి వైపు తలతో సైగ చేశాడు. ఎండ మండిపోతోంది. కొంగు తల మీదకు లాక్కుని అటే నడిచాను.