మా బావకి ఇద్దరు డిస్ట్రిబ్యూటర్లు

మా బావకి ఆ రోజుల్లో ఇద్దరు డిస్ట్రిబ్యూటర్లు ఉండేవారు. ఒకాయన బెజవాడలో ఫ్యాను కింద కూర్చుని, ఏ సినిమా ఏ ఊరికి ఎప్పుడు పంపాలో నిర్ణయించేవాడు. రెండోది బావ కారులో ఇంజను పక్కన నిలువుగా ఉండేది. గిన్నె బోర్లించినట్టు నల్ల మూత, దాని నెత్తిన పిలకల్లా వైర్లు. నిప్పురవ్వని నాలుగు ప్లగ్గులకీ వంతులవారీగా పంచిపెట్టడం దాని ఉద్యోగం. ఇద్దరిలో ఎవరు అలిగినా జగ్గయ్యపేటలో ఆట ఆగిపోయేది.

బావ అంటే మా అక్క మొగుడు. జగ్గయ్యపేటలో టూరింగ్ టాకీసు నడిపేవాడు. పేరు ఇంగ్లీషులో ఉండబట్టి టాకీసు గానీ, చూడటానికి డేరా. ముందు నేల, మధ్యలో బెంచీలు, వెనక కుర్చీలు. ఈ మూడు తరగతుల వాళ్లకీ సమానంగా అందేది నల్లులు మాత్రమే. నేనప్పుడు బి.ఏ. రెండోసారి రాసి వాళ్లింట్లో మకాం పెట్టాను. ఫలితాల కోసం ఎదురుచూస్తున్నానని అందరితో చెప్పేవాణ్ణి. నిజానికి ఎదురుచూసింది మా అక్క వంట కోసం. బావకి కారుంది, నడపడం రాదు. నాకు నడపడం వచ్చు, కారు లేదు. ఇద్దర్నీ కలిపితే ఒక సంసారపక్షపు మనిషి అయ్యేవాడు.

ఆ ఎండాకాలం ఒక కొత్త బొమ్మ దొరికింది. ఒకటే ప్రింటు, రెండు ఊళ్లు. మధ్యాహ్నం ఆట నందిగామ హాల్లో, సాయంత్రం ఆట మా డేరాలో. నందిగామలో ఇంటర్వెల్ అవగానే, ఆడేసిన మొదటి సగం రీళ్ల పెట్టెని బస్సెక్కించేవాళ్లు. ఆట పూర్తయ్యాక రెండో సగం నేను కారులో వేసుకుని పరిగెత్తాలి. నేను దారిలో ఉండగానే ఇక్కడ మొదటి సగం మొదలయ్యేది. ఇక్కడ ఇంటర్వెల్ అయ్యేలోపు నేను డేరా దగ్గర దిగాలి. కాగితం మీద లెక్క బ్రహ్మాండంగా ఉండేది. కాగితానికి ఇంజను ఉండదు కదా.

కొన్నాళ్లు బాగానే సాగింది. తరవాత కారుకి దగ్గు పట్టుకుంది. నవాబుపేట దాటగానే నాలుగుసార్లు దగ్గేది, ఒకసారి తుమ్మేది, ఆగిపోయేది. మూత తీసి చూస్తే లోపలంతా నూనె, ఆవకాయ జాడీలో పైకి తేలినట్టు. నిప్పురవ్వ పుట్టాల్సిన పాయింట్లు అందులో హాయిగా నానుతూ ఉండేవి. జేబురుమాలుతో తుడిస్తే మళ్లీ రెండు మైళ్లు నడిచేది. నా జేబురుమాళ్లన్నీ అలా అమరత్వం పొందాయి.

అసలు గొడవ ఒక శనివారం జరిగింది. దారిలో మూడుసార్లు ఆగి, నేను డేరా చేరేసరికి ఇంటర్వెల్ అయిపోయి చాలాసేపయింది. ఇంటర్వెల్ ముందు కథానాయిక విషం గిన్నె పెదాల దాకా ఎత్తింది. అక్కడే రీలు అయిపోయింది. నేను వచ్చేదాకా పాపం ఆవిడ గిన్నె దించలేదు, తాగనూ లేదు. ఆపరేటరు సబ్బు స్లైడు, సోడా స్లైడు, పొగ త్రాగరాదు స్లైడు తిప్పి తిప్పి వేశాడు. ఆ చివరిది చూసీ చూసీ విసుగెత్తి జనం బీడీలు ముట్టించారు. నేలలోంచి ఎవరో బతిమాలుకున్నారు.

"తాగవే తల్లీ, ఇళ్లకి పోవాలి మేం."

బెజవాడ డిస్ట్రిబ్యూటరు తరఫున ఒక రిప్రజెంటేటివు మా ఊళ్లో మకాం ఉండేవాడు. గేటు దగ్గర టిక్కెట్లు సరిచూసుకోవడానికి వచ్చిన మనిషి. ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా, మాట కూడా ఇస్త్రీ చేసినట్టే ఉండేది. ఆ రాత్రి ఆయన బావని పక్కకి పిలిచాడు.

"చూడండి, నేను మెత్తటి మనిషిని. మా ప్రొప్రయిటరు గారు కాదు. రేపు ఆదివారం. రేపు గనక మళ్లీ ఆట ఆగిందంటే పెట్టె మైలవరం హాలుకి వెళ్లిపోతుందండి. ఈ బొమ్మే కాదు, తరవాతి బొమ్మలు కూడా ఇటు రావు."

బొమ్మలు రాకపోతే డేరా గుడారం అవుతుంది. బావ ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాడు గానీ ముద్ద ఎత్తలేదు.

"ఇంక నాకు కాశీయే గతిరా."

"కాశీకి ఏ బండి మీద పోతావు బావా? మనదైతే చిల్లకల్లు దాటదు."

"వాడి మాటలకేంగానీ మీరు తినండి," అంది అక్క. "అసలా కారెక్కితేనే నాకు వాంతి. కొన్నాళ్లుగా కంపు తగ్గిందనుకుంటే ఇప్పుడిదొకటి."

మర్నాడు పొద్దున్నే పెట్టెలు వేసుకుని, ఆగుతూ తుడుస్తూ, నందిగామ చేరాం. రిప్రజెంటేటివు కూడా వచ్చాడు, కళ్లారా చూడాలని. రోడ్డు పక్క షెడ్డులో పేరున్న మేస్త్రీ ఉన్నాడు గానీ, ఆదివారం కదా, చర్చిలో ఉన్నాడన్నారు. చర్చి గుమ్మం దగ్గర నిలబడ్డాం. ప్రసంగం ఎంతకీ అవదు. లోపల అయ్యగారు సహనం గురించి చెబుతున్నారు. బయట బావ దాన్ని కోల్పోతున్నాడు.

చివరికి మేస్త్రీ బయటికొచ్చాడు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, చేతిలో బైబిలు. బావ చెప్పిందంతా విని, భార్య వైపు చూశాడు.

"చొక్కా మీద చుక్క పడిందంటే షెడ్డులోనే పడుకో," అందావిడ.

ఈ మేస్త్రీకి ఒక అలవాటు. ఇంజనుని ఆవిడ అనేవాడు, అందులోని సామాన్లన్నిటినీ వాడు అనేవాడు. చొక్కాకి దూరంగా చేతులు చాచి, పూజారి హారతి పట్టుకున్నట్టు మూత ఎత్తాడు. లోపలికి చూసి నిట్టూర్చాడు.

"డిస్ట్రిబ్యూటరు పీకల్దాకా తాగున్నాడండీ. వీణ్ణి ఊడబీకి, పెట్రోలు పోసి కడిగితే గానీ దారికి రాడు."

నీడన బెంచీ మీద పేపరు చదువుకుంటున్న రిప్రజెంటేటివు లేచి నిలబడ్డాడు.

"ఎవర్నండీ మీరంటోంది? మా డిస్ట్రిబ్యూటరు గారు ఏకాదశి నాడు కాఫీ కూడా ముట్టరు."

"మీ వాడు కాదండీ," అన్నాను. "మా వాడు."

"పైన ఎంత తుడిచినా లాభం లేదు," మేస్త్రీ తన ధోరణిలో తానున్నాడు. "ఇది లోపలి పాపం."

పాపాన్ని విప్పే ముందు, మేకుతో ఇంజను మీదా దాని మీదా కలిపి ఒక గీత గీశాడు, మళ్లీ అదే తీరున కూర్చోబెట్టడానికి. బయటికి లాగి చూపించాడు. మూత కింద నుంచి ఒక ఇనప కాడ ఇంజనులోకి దిగుతుంది. దాని చుట్టూ ఉంగరం లాంటి రబ్బరు వాషరు ఒకటి, కింది నూనెని పైకి రానివ్వకుండా కాపలా. ఆ వాషరు ఎండి, పెళుసై, గోటితో తాకితే చిట్లింది.

"కాపలావాడు చచ్చిపోయాడు," అన్నాడు మేస్త్రీ.

బావ తల వంచుకున్నాడు. ఆ క్షణంలో టోపీ ఉంటే తీసేవాడే.

మేస్త్రీ డబ్బాలో వెతికి ఒక వాషరు పట్టాడు, కాస్త అరగదీసి కాడకి తొడిగాడు. పాయింట్లు పెట్రోలుతో కడిగి, సన్నటి గరుకు కాగితంతో రుద్దాడు. గీతకి గీత కలిపి బిగించాడు. హ్యాండిలు ఒక్క తిప్పు తిప్పానో లేదో ఇంజను అందుకుంది. బావ కొబ్బరికాయ ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. అంబారుపేట దాకా వెళ్లొస్తే అప్పుడు కొడదామన్నాను. నా మాట ఎవరికీ రుచించలేదు గానీ వెళ్లాం.

తిరిగొచ్చాక మేస్త్రీ మూత తీసి, వేలు పెట్టి, ఆ వేలు అందరికీ చూపించాడు. వేలు మెరుస్తోంది.

"అయితే ఇంజను దించాల్సిందే. లోపల ఆవిడ అరిగిపోయి ఉంటది. మంట గాలి కిందికి జారి, నూనెని పైకి తోస్తోంది. సామాను బెజవాడ నుంచి రావాలి. ఒక నెల అనుకోండి."

బావ పాత టైరు మీద కూలబడ్డాడు. పెద్ద టైరు, ఆయన సన్నటి మనిషి, మధ్య కంతలోకి సగం దిగిపోయాడు. లేవలేక దుఃఖిస్తున్నాడో, దుఃఖంలో లేవట్లేదో చెప్పడం కష్టం. రిప్రజెంటేటివు వాచీ చూసుకున్నాడు.

"పోస్టాఫీసులో ఫోనుంటుందా? మైలవరం వాళ్లకి ఒక మాట చెప్పాలి."

"కాసేపు ఆగండి," అన్నాడు బావ టైరులోంచి. "నా డేరా నాకు చుట్టుకోనివ్వండి ముందు."

మేస్త్రీ నా వైపు తిరిగాడు. "నడిపేది నువ్వే కదా. అంత అరిగితే ఇంజను కింది గొట్టంలోంచి, సైలెన్సరు కాదు, పొగ బాగా కక్కాలే. కక్కుతోందా?"

"ఇదివరకు కక్కేది. ఈమధ్య మానేసింది. మా అక్క తిట్లకి జడిసి ఉంటుంది."

ఏదో నవ్విద్దామని అన్నాను. మేస్త్రీ నవ్వలేదు. నవ్వింది బావ. ఇంత దుఃఖంలోనూ, కొత్త పెళ్లికొడుకులా, నేల చూపులు చూస్తూ.

"మానలేదురా. నేనే మానిపించా."

"నువ్వా?"

"ఆమధ్య పెనుగంచిప్రోలు వెళ్లొస్తుంటే ఆ కంపుకి మీ అక్క నాలుగుసార్లు బండి ఆపించిందా. చూసి చూసి, ఆ పొగ వచ్చే గొట్టంలో ఒక మేకు దిగ్గొట్టా. కర్రమేకే, చుట్టూ మెత్తగా మీ అక్క పాత చీర ముక్క కూడా చుట్టా. ఆరోజు నుంచి ఒక్క పిసరు పొగ లేదు. మేస్త్రీలు చెయ్యలేంది మనం చేశాం గదా, తీరిగ్గా చెబుదామని."

మేస్త్రీ బైబిలుని బెంచీ మీద కాస్త దూరంగా జరిపి పెట్టాడు, బహుశా తన నోట వచ్చేది దానికి వినబడకూడదని. తరవాత మనసు మార్చుకుని మెల్లగానే అన్నాడు.

"బాబుగారూ, అది ఆవిడ ముక్కు. ముక్కు మూస్తే ఊపిరెలా తీస్తుందండీ? దొరికిన కంతలోంచల్లా కక్కుతుంది. వాడొక్కడేనా, ఏ వాషరు ఆగుతాడు?"

ప్రేమ కోసం విషం తాగేవాళ్లని మా డేరాలో వారం వారం చూస్తూనే ఉన్నాం. ప్రేమ కోసం కారు ముక్కు మూసినవాణ్ణి నేనప్పుడే చూడటం.

మేస్త్రీ తెల్లచొక్కా మీద ఉన్నాడు కాబట్టి కిందికి దూరింది నేను. కర్రమేకు ఒక పట్టాన రాలేదు. బావ ఏ పనైనా చేస్తే గట్టిగానే చేస్తాడు. పట్టకారుతో పట్టి లాగితే, పెద్దాయన పెళ్లి భోజనం చేసి త్రేన్చినట్టు చప్పుడు చేస్తూ ఊడొచ్చింది. వెనకే ఒక నల్లటి చెంబెడు నూనె. అందులో సగం నా మొహాన పడింది, మిగతా సగంలోంచి ఒకే ఒక్క చుక్క ఎగిరి మేస్త్రీ చొక్కా జేబు మీద వాలింది. ఆయన దాన్ని చాలాసేపు చూసుకున్నాడు.

"షెడ్డులో మంచం ఉంది లెండి," అన్నాను.

మళ్లీ విప్పి, కడిగి, తుడిచి, బిగించి, అంబారుపేట వెళ్లొచ్చాం. మూత తీసి వేలు పెట్టాడు. ఈసారి వేలు పొడిగా ఉంది. బావ ఆ వేలిని పట్టుకుని చూశాడు, నన్ను చూడమన్నాడు, రిప్రజెంటేటివుకి కూడా చూపించాడు. కాస్త అరుగుదల ఉన్నా నడుస్తుందన్నాడు మేస్త్రీ. కంపు మాత్రం భరించాలి, అది ఆవిడ వయసుది.

నందిగామలో మధ్యాహ్నం ఆట అవగానే రెండో పెట్టె వెనక సీట్లో వేశారు. రిప్రజెంటేటివు పెట్టెతోపాటే వస్తానని ముందు కూర్చున్నాడు. బావ పొద్దున పాఠం నేర్చుకున్నాడు కాబట్టి ఏ గొట్టం జోలికీ పోకుండా వెనక పెట్టె మీద చెయ్యేసి కూర్చున్నాడు. అద్దాలు దించితే రోడ్డు దుమ్ము, ఎత్తితే ఇంజను పొగ. రిప్రజెంటేటివు కాసేపు అదీ కాసేపు ఇదీ ప్రయత్నించి, ఇస్త్రీ చొక్కా కొంగులా ఎత్తి ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. నవాబుపేట వచ్చింది. ముగ్గురం చెవులు రిక్కించాం. నవాబుపేట వెళ్లింది. దగ్గు వినిపించింది గానీ ఇంజనుది కాదు, ఆయనది. చిల్లకల్లు దగ్గర ఎడ్లబళ్ల వరస అడ్డొస్తే బావ తల బయటపెట్టి, "అయ్యా, బాబూ, కాస్త," అంటూ దారి చేయించాడు. డేరా చేరేసరికి లోపల కథానాయిక ఇంకా సుఖంగానే ఉంది, విషం దాకా రాలేదు.

కారుకి దగ్గు పట్టాక ఆ ఊళ్లో ఆ బొమ్మ ఒక్క తెంపు లేకుండా ఆడింది ఆ రోజే. ఆట వదిలాక బావ గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పక్కన రిప్రజెంటేటివు, మసి మొహంతో. జనం బయటికొస్తూ తిట్టడం మొదలుపెట్టారు. కథ లేదన్నారు. ఏడుపు ఎక్కువైందన్నారు. విషం తాగిన పిల్ల మళ్లీ బతికి పాట పాడటమేమిటన్నారు. బావ ప్రతివాళ్లకీ నమస్కారం పెడుతున్నాడు.

"ఇంత అన్యాయంగా ఉందని నాకూ తెలీదండి," అన్నాడు రిప్రజెంటేటివు మెల్లగా. "నేనొచ్చాక ఏ రోజూ వరసగా చూడనిస్తే కదా. సరే, బొమ్మ బాగాలేకపోవడం మా తప్పు, మీది కాదు. పెట్టె ఇక్కడే ఉంటుంది. తరవాతి బొమ్మ కూడా మీకేనని రాస్తాను."

అంతలో నేల టిక్కెట్టు ముసలమ్మ ఒకావిడ, నిద్రపోతున్న మనవణ్ణి భుజాన వేసుకుని, సరిగ్గా ఆయన ముందుకొచ్చి ఆగింది.

"ఏం బొమ్మ తెచ్చావు నాయనా. మధ్యలో ఆగిపోతే లేచి ఇంటికి పోదామని చూశా. ఎక్కడా ఆగి చావలేదు."

"అవునమ్మా," అన్నాడు బావ. ఆయన మొహం పెట్రోమాక్సు లైటులా వెలిగిపోయింది. "ఏదీ, ఆ మాట ఇంకోసారి చెప్పు."