పెళ్లి బాక్సుల్లో సంతాప సభ

ఒక పెళ్లినీ ఒక సంతాప సభనూ ఒకే నోటితో పాడుచేసిన మనిషిని మీరెక్కడా చూసి ఉండరు. ఆ ఘనుణ్ణి నేనే.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే ఊళ్లకు వస్తున్న రోజులు. వనపర్తిలో నాకు మైక్‌సెట్ దుకాణం ఉండేది. హైదరాబాద్ వెళ్లి రెండు కార్డ్‌లెస్ మైకులు తెచ్చాను. రెండిటిదీ ఒకే ఫ్రీక్వెన్సీ అనీ, దగ్గర దగ్గర వాడితే ఒకదాని మాట ఇంకోదాంట్లో దూరుతుందనీ కొట్టతను చెబుతూనే ఉన్నాడు. నేను మైకుల మెరుపు చూసి మురిసిపోతున్నాను.

ఒకటి పాన్‌గల్‌లో పెళ్లికి పెట్టాను. రోడ్డవతల బడిలో, కాలం చేసిన లెక్కల సారు సంతాప సభకు రెండోది మా దుకాణంలో పనిచేసే నర్సింలు పెట్టాడు.

జీలకర్ర బెల్లం వేళయింది. పంతులు మంత్రం ఎత్తుకోగానే బాక్సులు గరగరమని, గంభీరంగా పలికాయి: "ఇది మనందరికీ తీరని లోటు."

పెళ్లికొడుకు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. పెళ్లికూతురి మేనమామ బుచ్చన్న, తలుపంత మనిషి, నా మీదికొచ్చాడు.

"ఏందిరా గిది? పెండ్లిల ఏడుపేంది?"

"జర ఆగన్నా, ఇప్పుడే సరిజేస్త!"

నా తెలివి చూడండి, మా మైకు ఆపేశాను. ఆ అడ్డు కూడా తొలగడంతో అవతలి గొంతు మరింత స్పష్టంగా ఖంగుమంది: "వారి ఆత్మకు శాంతి కలగాలి."

"అపశకునం! లేవురా కొడకా, పోదాం" అంటూ పెళ్లికొడుకు తల్లి లేచింది. పెళ్లికూతురి కళ్లలో నీళ్లు తిరిగాయి. బుచ్చన్న నా కాలరు అందుకునేలోగా రోడ్డు దాటేశాను.

సభలో అందరూ నిలబడి మౌనం పాటిస్తున్నారు. మైకు పక్కనే ఉన్న నర్సింలు చెవిలో గుసగుసలాడాను.

"నర్సిగా, మైకు బంద్ జెయ్‌రా! పెండ్లిపిల్ల మేనమామ నన్ను సంపేటట్టున్నడు. ఎద్దు లెక్క బుసకొడుతుండు!"

గుసగుస మైకులో పడింది. రెండు చోట్లా మోగింది. మరుక్షణం మా పెళ్లి మైకు ఎవరు అందుకుని మళ్లీ ఆన్ చేశారో గానీ, సభ బాక్సుల్లోంచి ఒక గర్జన వచ్చింది:

"ఎవన్రా ఎద్దు?"

మౌనం భళ్లున పగిలింది. అందరికంటే ముందు నవ్వింది సారు భార్యే. "మా సారుంటే పడి పడి నవ్వుతుండె" అని కళ్లు తుడుచుకుంది. అవతల పెళ్లికొడుకు తల్లి కూడా నవ్వు ఆపుకోలేక మళ్లీ కూర్చుందట. ఆ నవ్వుల్లోనే, మైకు లేకుండా ముహూర్తం గట్టెక్కింది. బుచ్చన్న మాత్రం నవ్వలేదు.

కాబట్టి ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఇకపై వేర్వేరు ఫ్రీక్వెన్సీల మైకులే వాడతాను. ఎవరినైనా ఎద్దు అనాల్సివస్తే, ఊరు దాటాకే అంటాను.