నీలం అరచేతులు

నగరి నుంచి తిరుపతి వెళ్ళే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన అరచేతులు గోళ్ళ దాకా నీలంగా ఉన్నాయి. మరమగ్గాల నూలుకు రంగులద్దే పని అని ఆయనే చెప్పాడు. పుత్తూరు దాటాక దాహంగా ఉందంటే నా నీళ్ళ సీసా ఇచ్చాను. ఆయన వెంటనే తాగలేదు.

"నీ చెయ్యి చాపప్పా," అన్నాడు.

నా అరచేతిలో కొన్ని నీళ్ళు పోసి, వంగి, కిటికీ వెలుతురులో చాలాసేపు చూశాడు.

"నా చేతిలో ఏ నీళ్ళు పోసినా నీలంగానే అగపడతాయి. ముప్పై ఏండ్లు రంగునీళ్ళు కాలవలోకే వదిలినాను. పారే నీళ్ళే కదా, పోతాయిలే అనుకున్నా. మొదట చేపలు సచ్చి తేలినాయి. తర్వాత కొంగలు రావడం మానేసినాయి. ఇప్పుడు ఆ రంగు మా బాయిలోకే వచ్చిండాది. మనవరాలికి ఒళ్ళంతా పుండ్లు."

"మానేశారా మరి?"

"బాయినీళ్ళు తాగేది మానేసినాం. రంగులేసేది మానలేదు. నాకు ఇంకో పని యాడుండాది?"

నీళ్ళు తాగి, మూత గట్టిగా బిగించి ఇచ్చాడు. వడమాలపేటలో దిగిపోయాడు.

చాలా ఏళ్ళయింది. ఇప్పటికీ మా ఇంటి కుళాయి నీళ్ళు ముందు అరచేతిలో పట్టి, వెలుతురులో చూసుకుని గానీ తాగను.

ఇంకా రంగు కనపడలేదు.