‘దోన్’ దగ్గర ఆగిన గొంతు

దయ్యాలని, గాలి సోకిందని ఎవరైనా మొదలుపెడితే నాకు ఒళ్ళు మండుతుంది. ఇంట్లో అలాంటి మాట ఎత్తితే ఎవరినైనా కసురుతాను. ఇప్పటికీ అంతే. అందుకే ఇది చెప్పడం నాకే ఇబ్బందిగా ఉంది.

మాది మహారాష్ట్రలో చంద్రపూర్ పక్కన దుర్గాపూర్. మా చర్చి కోయిర్‌లో నేనూ, మా తమ్ముడు జోసెఫూ చిన్నప్పటి నుంచీ పాడేవాళ్ళం. వాడు సాస్తి బొగ్గు గనిలో డంపర్ నడిపేవాడు. మగవాళ్ళ వరసలో అందరికంటే బరువైన గొంతు వాడిదే.

ఒకసారి నాగ్‌పూర్ ఆర్కెస్ట్రాతో కలిసి పెద్ద లాటిన్ ప్రార్థనాగీతం పాడే అవకాశం వచ్చింది. మాలో చాలామందికి తెలుగు చదవడం అంతంతమాత్రమే. అందుకని లాటిన్ మాటలు మరాఠీ అక్షరాల్లో రాసి పంచారు. అందులో ‘దోనా’ అనే మాట ఉంది. దయచేయి అని అర్థం. రాసినవాళ్ళు చివరి దీర్ఘం మరిచిపోయారు. మరాఠీలో మాట చివరి ‘అ’ పలకరు. మరాఠీ బడిలో చదివిన మా తమ్ముడు దాన్ని ‘దోన్’ అనేశాడు. మరాఠీలో రెండు అని! మిగతావాళ్ళు దిద్దుకున్నారు గానీ, వీడు మాత్రం ప్రతిసారీ ‘దోన్’ అని టక్కున ఆగేవాడు.

“ఏందిరా, రెండు రెండు అంటున్నవ్? డంపర్ ట్రిప్పులు లెక్కవెడుతున్నవా?” అని ఏడిపించేదాన్ని.

ఆ నవ్వులు ఎన్నాళ్ళో లేవు. తమ్ముడికి గొంతు క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్ చేసి స్వరపేటిక మొత్తం తీసేశారు. మెడకు ఆనించుకుని మాట్లాడే మిషన్ ఒకటి ఇచ్చారు. వాడు పట్టుదలగా సాధన చేసి, రేకు మీద గీసినట్టు వచ్చే ఆ శబ్దంతోనే నన్ను “అక్కా” అని పిలిచాడు. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను.

కచేరీ కొన్ని నెలల తర్వాత చంద్రపూర్‌లో ఒక హాల్లో, సాయంత్రం పూట జరిగింది. తమ్ముడు మెడకు మఫ్లర్ చుట్టుకుని, భార్యతో ముందు వరసలో కూర్చున్నాడు. ఆ ‘దోనా’ మాట దగ్గరికి రాగానే వయొలిన్లు తగ్గాయి. మగవాళ్ళు అందుకున్నారు. నా వెనక నుంచి స్పష్టంగా ‘దోన్’ అని వినిపించి, ఆగింది.

అది మా తమ్ముడి గొంతు. వాడి గొంతు నాకు తెలియదా! నేను పాడడం ఆపేశాను. ముందు నిలబడి పాట నడిపించే కండక్టర్ మగవాళ్ళ వైపు కళ్ళెర్రజేశాడు. కింద తమ్ముడి నోరు మూసే ఉంది. నా వెనక్కే చూస్తున్నాడు, కళ్ళ వెంట నీళ్ళు.

తర్వాత కండక్టర్ గట్టిగా అడిగితే అందరూ మేం కాదన్నారు. వరసలో చివర నిలబడిన శామ్యూల్ నన్ను పక్కకు పిలిచాడు. “అక్కా, నా పక్కకెల్లే వచ్చింది. నా పక్కన ఎవ్వలు లేరు. దేవుని తోడు” అన్నాడు.

మరదలు ఫోన్లో తీసిన రికార్డింగ్‌లో అది లేదు. అక్కడ అందరూ సరిగ్గానే పాడారు. తమ్ముడు ఫోన్ చెవికి ఆనించుకుని ఆ ముక్కే మళ్ళీ మళ్ళీ విని, చివరికి ఆమెకిచ్చేశాడు.

ఆ మర్నాటి నుంచి మిషన్ ముట్టలేదు. ఎంత బతిమాలినా వినడు. తన మెడ చూపిస్తాడు, చెయ్యెత్తి దూరంగా ఎటో చూపిస్తాడు. నా గొంతు ఉంది, నా దగ్గర లేదు అని అంటున్నాడని మాకు తెలుస్తూనే ఉంది.

రోగం తిరగబెట్టింది. డాక్టర్లు ఇక చేసేదేమీ లేదన్నారు. నిన్న కూడా మంచం పక్కన కూర్చుని మిషన్ చేతిలో పెట్టాను. “ఒక్కపారి అక్కా అనురా” అన్నాను. వాడు దాన్ని నా ఒళ్ళో పెట్టేసి గోడవైపు తిరిగాడు.

ఆ సాయంత్రం వినిపించిందేమిటో నాకు ఈ రోజుకీ తెలియదు. దయ్యమనీ అనను, అద్భుతమనీ అనను. అంతమంది మధ్యకు రాగలిగిన గొంతు, ఒక్కసారి వాడి దగ్గరికి రాలేకపోయిందా అని మాత్రం కడుపు మండిపోతుంది.