మా కొండ పేలుతుందనుకున్న రోజు

ఈమధ్య ఒంగోలులో ఒక ఇస్త్రీ బండి పక్కగా నడుస్తుంటే, కాలిన బొగ్గుల పెట్టె కింద తడిగుడ్డ ఉడుకుతున్న వాసన తగిలి నా కాళ్ళు ఆగిపోయాయి. పొదిలి దగ్గర మా ఊళ్ళో, మస్తాన్ బాబాయ్ టైలర్ కొట్టు వాసన అది. ఒంటిపూట బడి వదలగానే మా వీధి పిల్లలమంతా పుస్తకాల సంచులతోనే అక్కడ చేరి, గుడ్డపీలికల కుప్పల మీద కూర్చుని, ఆయన మిషను తొక్కుతూ పెట్టుకునే టీవీ చూసేవాళ్ళం. సినిమాలంటే ఆయనకు విసుగు. పాతకాలపు రాజ్యాల గురించి తెలుగులో చెప్పే చానలే ఎప్పుడూ నడిచేది. రోము సైనికుల డాళ్ళు, సింహాలతో కలబడే బానిసలు, వేడినీళ్ళ స్నానశాలలు, అన్నీ పుల్లఐసు చీకుతూ చూశాం.

నాకు తొమ్మిదో ఏడు నడుస్తుండగా, మిరపకోతలు ముగింపుకొచ్చిన రోజుల్లో, బూడిద కింద పూడిపోయిన రోము కాలపు పట్నాన్ని చూపించారు. పక్కనున్న కొండ పేలే ముందు అక్కడ నేల సన్నగా వణికిందట, బావులు ఎండిపోయాయట, జనం మాత్రం ఎవరి పనుల్లో వాళ్ళు ఉండిపోయారట. గట్టిపడిన బూడిదలో మిగిలిన ఖాళీల్లో సుద్దముద్ద పోసి అచ్చు తీసిన మనుషుల ఆకారాలు కనిపించాయి. మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని ఒకరు, చేతుల్లో మొహం దాచుకుని ఒకరు.

మా ఊరికి తూర్పున కొండ ఉంది. అక్కడి క్వారీలో రాయి పేల్చినప్పుడల్లా మా ఇంట్లో గూట్లో గిన్నెలు గలగలమనేవి. ఆ వారమే మా వీధి బావి అడుగంటింది. బాబాయ్‌ని అడిగితే మన కొండలో నిప్పు లేదని, ఉత్త రాయేనని చెప్పాడు. ఆ పట్నంవాళ్ళూ అలాగే అనుకుని ఉంటారు కదా అనిపించి, మూడు రోజులు నాకు ముద్ద దిగలేదు.

నాలుగోరోజు మధ్యాహ్నం అమ్మానాన్నలు కల్లంలో ఎండుమిరపకాయల నుంచి తాలుకాయలు ఏరుతున్నారు. ఇంట్లో నేను, మూడేళ్ళ చెల్లెలు దివ్య, తుంటి విరిగి మంచం దిగలేని నాయనమ్మ ఉన్నాం. ఎన్నడూ లేనంత పెద్ద చప్పుడైంది. గూట్లోంచి చెంబు కింద పడింది. వాకిట్లోకి పరుగెత్తి చూస్తే కొండ మీద బూడిదరంగు దుమ్ము లేస్తోంది. కల్లం ఆ కొండ వైపే ఉంది. లోపలికొచ్చి చెల్లెల్ని చంకనెత్తుకుని నాయనమ్మ వైపు చూశాను.

"ఎక్కడికే ఇంత ఎండలో?" అంది.

"అమ్మ దగ్గరికి."

"దాని నెత్తిన గుడ్డెయ్యి."

తువ్వాలు కప్పాను. వీధి దాటాక కొండకు వీపు పెట్టి, పడమటి డొంకదారి పట్టాను. పత్తికట్టె పిక్కలకు గీసుకుంటుంటే, చెల్లెలు నీళ్ళ కోసం ఏడుస్తుంటే, వెనక్కి తిరిగితే బూడిద మీద పడుతుందన్నట్టు తల తిప్పకుండా నడిచి, చివరికి పొగాకు కాల్చే ఒక పాత బ్యారన్ గోడ నీడన కూలబడ్డాను. ఏడ్చి ఏడ్చి దివ్య నా ఒళ్ళో మోకాళ్ళు ముడుచుకుని నిద్రపోయింది. టీవీలో చూసిన ఆకారం అదే. నాయనమ్మ కూడా మంచంలో అలాగే పడుకుంటుంది. కొండ పేలుతుందన్న భయం అలాగే ఉంది, అయినా చెల్లెల్ని భుజాన వేసుకుని ఆ కొండకు ఎదురుగానే వెనక్కి నడిచాను.

ఇంటికి చేరేసరికి, కల్లం నుంచి తిరిగొచ్చి మేము అక్కడికే బయల్దేరామని నాయనమ్మ నోట విన్న అమ్మ వీధిలో పడి వెతుకుతోంది. నాయనమ్మ మంచం మీంచి జారి, గడప దాకా పాక్కుంటూ వచ్చి అక్కడే పడి ఉంది. మోచేతులు దోక్కుపోయి రక్తం వస్తోంది. అమ్మ పరుగున వచ్చి నా మీద చెయ్యెత్తితే నాయనమ్మే వారించింది. ఏడుస్తూ అంతా చెప్పేశాను.

"అయితే నన్నొదిలేసి పోయావన్నమాట," అంది.

"నిన్ను మొయ్యలేను కదా నాయనమ్మా."

"పసిదాన్ని వదల్లేదుగా. అదే చాలమ్మా," అని నా తల నిమిరింది.

ఆ పాకడంతో తుంటి నొప్పి తిరగబెట్టి ఆమె మళ్ళీ లేచి కూర్చోలేదు. చలికాలం రాకముందే పోయింది. మస్తాన్ బాబాయ్ కొట్టు ఎత్తేసి చీరాలలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. బావిని పూడ్చేశారు, కొండ సగం లారీలెక్కి పోయింది. గుంటూరులో చదువుకుంటున్న దివ్యకు ఆ మధ్యాహ్నం ఏమీ గుర్తులేదు. మండుటెండలో అక్క తనను మోసుకుని అంత దూరం నడిచిందని, అమ్మ చెప్పగా విన్నది స్నేహితురాళ్ళకు మురిపెంగా చెబుతుంది. ఆ రోజు ఇంట్లో ఇంకెవరున్నారని వాళ్ళెవరూ అడగలేదు. దివ్యకు నేనూ చెప్పలేదు.