తలుపుకు అడ్డం నిలబడ్డావిడ

తొంభైల మొదట్లో నేను సిడ్నీలో పిల్లల డాక్టర్ని. మా ఆసుపత్రిలో అక్కడి ఆదివాసీ కుటుంబాలకు అండగా ఉండేందుకు ఒకావిణ్ణి పెట్టారు. ఆవిడా ఆదివాసీయే. అందరం ఆంటీ అనేవాళ్ళం. ఏ కాగితం చూపించినా "ఎవర్ని అడిగి రాశారు?" అనేది.

ఒకరోజు బక్కచిక్కిన పాపను చూసి, ఫారంలో "ఇంట్లో నిర్లక్ష్యం" అని రాసేశాను. అది చూసి, పాపను పెంపకానికి పరాయివాళ్ళింటికి పంపడానికి సంక్షేమ అధికారి వచ్చాడు.

"తల్లి జబ్బుపడింది. అమ్మమ్మ పెంచుతానంటూ పొద్దుట్నుంచి బయటే కూర్చుంది. అడిగారా డాక్టర్?" అంది ఆంటీ.

"రూల్స్ ఉన్నాయి," అన్నాడు అధికారి.

"చిన్నప్పుడు నన్నూ మీ సర్కారువాళ్ళు రూల్స్ ప్రకారమే ఎత్తుకెళ్ళారు. మా అమ్మను మళ్ళీ చూడలేదు." గొంతు పెంచకుండానే తలుపుకు అడ్డం నిలబడింది.

సిగ్గుపడి, అమ్మమ్మతో మాట్లాడి, ఫారం మార్చి రాశాను. పాప అమ్మమ్మ చంకనెక్కి వెళ్ళింది.

తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పనికి అడ్డుపడుతోందని నెల తిరక్కుండా ఆంటీని ఉద్యోగంలోంచి తీసేశారు. తప్పు రాసిన నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు.