పెద్దల్లుడు బండికి పెట్టిన సారె

మా వైపు ఇంట్లోకి కొత్త బండి వస్తే, అది స్కూటరైనా లారీ అయినా, ఆడపిల్లను అత్తారింటికి పంపినంత హడావిడి. తలా ఒకటి తెచ్చి పెట్టాలి. ఉత్త చేతులతో వచ్చి బొట్టు పెట్టి పోతే ఆ మాట ఏడాదిపాటు నలుగురి నోళ్ళలో నానుతుంది. అందరికంటే పెద్దది పెట్టాల్సింది ఇంటి పెద్దల్లుడు. ఆయన చేత్తో ఇచ్చినదాన్ని వద్దనడం మాలో లేదు. వద్దంటే ఆయన మళ్ళీ ఆ ఇంట విస్తరి ముందు కూర్చోడు.

మా తమ్ముడు చాలా ఏళ్ళు పరాయివాళ్ళ లారీలు తోలాడు. ఎలమంచిలి దగ్గర మాకున్న కాస్త పొలం పక్కనపెట్టి గాజువాక వచ్చింది ఆ స్టీరింగు కోసమే. చివరికి ఫైనాన్సు మీద తన పేరున పన్నెండు చక్రాల కొత్త లారీ కొన్నాడు. ఆ రోజు వాడి మొహం చూడాలి. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు తెల్లవారకముందే లేచి, షోరూమ్‌లో కడిగిచ్చిన బండిని మళ్ళీ కడిగాడు. మా అమ్మ దిష్టితాడు తెచ్చింది. మరదలు డ్రైవరు సీటుకి గులాబీరంగు గుడ్డ కుట్టింది. నేను స్టీలు కేరేజీ ఇచ్చాను. ఇక అందరూ మా ఆయన వైపు చూశారు, పెద్దల్లుడు ఆయనే కాబట్టి.

మా ఆయనకు ఆటోనగర్‌లో షెడ్డు ఉంది. లారీల వైరింగు పని. తర్వాత తర్వాత ఒక లాప్‌టాప్ కొని ఇంజను కంప్యూటరులో ప్రోగ్రామ్ మార్చడం నేర్చుకున్నాడు. కంపెనీవాళ్ళు ఇంజనుకి కళ్ళెం బిగించి పంపుతారట, ఈయన దాన్ని వదులు చేస్తాడట. అలా చేస్తే బండి ఎక్కువ లాగుతుంది. ఆ కళ్ళెం కథ వచ్చినవాళ్ళకల్లా చెప్పేవాడు. "మీ నోటికి వేసే కళ్ళెం ఎక్కడ దొరుకుద్దో అది కూడా కనుక్కోండి" అనేదాన్ని నేను. చేతిలో పని ఉన్న మనిషే గాని నోటికి బ్రేకు లేదు.

ఆ రోజు ఆయన లాప్‌టాప్‌కి పసుపు బొట్టు పెట్టి మరీ తెచ్చాడు. దండలు వేసిన బండిలోకి ఎక్కబోతుంటే మా తమ్ముడు మెల్లగా చెయ్యి పట్టుకున్నాడు. వయసులో తేడా ఉన్నా వాళ్ళిద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు.

"వద్దు బావా. బండి వారంటీలో ఉంది. రేపేటైనా అయితే కంపినీవోలు సూడరు."

"ఏటవుద్ది బావా? నీ బండికి వారంటీ నాను. నానున్నాను కాదేటి?"

అందరూ నవ్వారు. "బావ మనసుపడి ఇత్తంటే వద్దంటావేట్రా గుంటడా" అని మా అమ్మ కసిరింది. తమ్ముడు నా వైపు ఒకసారి చూసి చెయ్యి వదిలేశాడు. ఆ చూపు అప్పుడు నాకు అర్థం కాలేదు. పూజారి హారతి పట్టుకుని వస్తుంటే నేను పళ్ళెం అందించే పనిలో పడిపోయాను.

నిజం చెప్పాలంటే మొదట్లో ఇంజను కళ్ళెం వదులు చేసిన ఆ సారె బాగానే కలిసొచ్చింది. తమ్ముడు ఉక్కు ఫ్యాక్టరీలో ఊచలు ఎత్తుకుని సాలూరు ఘాట్ మీదుగా రాయపూర్ వెళ్ళేవాడు. మా దగ్గర లారీలకి లోడు వరసలో దొరుకుతుంది. దించి ముందు తిరిగొచ్చినవాడిది ముందు నంబరు. ఘాట్‌లో ఈడ్చుకుంటూ పోయేవాడు ఎప్పుడూ తోక దగ్గరే ఉంటాడు. మావాడు పైకెక్కగానే నాకు ఫోన్ చేసేవాడు.

"అప్పా, గాటీ ఎక్కీసినానని బావకి సెప్పు. నాకన్నా ముందెల్లినోలంతా కిందనే ఉన్నారు."

ఫోన్లో ఆ మాట విని మా ఆయన అన్నం కలుపుతున్న చేతినే మీసం దాకా తీసుకెళ్ళేవాడు. నేను కసిరేదాన్ని. అయినా ఆ పూట ఇల్లంతా సంతోషంగా ఉండేది, అది మాత్రం కాదనను.

బండిని కంపెనీ సర్వీసుకి ఇచ్చేముందు ఈయన పాత ప్రోగ్రామ్ ఎక్కించేవాడు. సర్వీసు అయ్యాక మళ్ళీ తనది పెట్టేవాడు. అత్తగారు వస్తోందని తెలిసి నైటీ విప్పి చీర కట్టుకునే కోడలి వ్యవహారం అది. అత్తగారు చెప్పకుండా రాదన్న ధీమాతో ఉన్నారు ఇద్దరూ.

ఎండాకాలం, మధ్యాహ్నం. నిండు లోడుతో ఘాట్ ఎక్కుతున్న తమ్ముడు దారి మధ్యలోంచి ఫోన్ చేశాడు. నేను పలకగానే "బావకియ్యప్పా" అన్నాడు. ఇంజను పెద్ద చప్పుడు చేసి ఆగిపోయిందట, పొగ కక్కిందట. చక్రాల కింద రాళ్ళు పెట్టాడట. మలుపులో బండి అడ్డంగా ఉందని పోలీసులు తొందరపెడితే కంపెనీ సాయం నంబరుకి అప్పటికే ఫోన్ చేసేశాడు. వారంటీలో ఉన్న బండి కాబట్టి లాక్కెళ్ళే వాహనం వాళ్ళే పంపుతామన్నారు.

మా ఆయన చెయ్యి కూడా కడుక్కోలేదు. లాప్‌టాప్ సంచిలో వేసుకుని మోటారు సైకిలు మీద బయలుదేరాడు. ఇంజను నడవకపోయినా పాత ప్రోగ్రామ్ ఎక్కించెయ్యొచ్చు, కంపెనీవాళ్ళు చూసేలోపు ఆ పని చెయ్యాలని ఆయన ఆరాటం. గజపతినగరం దాటాక ఎదురుగా వచ్చింది మా బండి. ముక్కు పైకెత్తి కట్టి లాక్కొస్తున్నారు. ముందు వాహనంలో డ్రైవరు పక్కన మా తమ్ముడు కూర్చుని ఉన్నాడు. ఈయన్ని చూసి, ఇంటికి వెళ్ళిపొమ్మని చెయ్యి ఊపాడు. ఈయన బండి తిప్పి, ఆనందపురం సర్వీసు సెంటరు గేటు దాకా వాళ్ళ వెనకే వచ్చి, లోపలికి వెళ్ళే మొహం లేక ఇంటికి వచ్చేశాడు. వచ్చి అరుగు మీద కూర్చున్న మనిషి అర్ధరాత్రి దాకా లేవలేదు.

కొన్నాళ్ళకి ఇంజను విప్పి చూశామని సర్వీసు సెంటరు నుంచి పిలుపొచ్చింది. తమ్ముడికి తోడు నేను వెళ్ళాను. బయలుదేరుతుంటే మా ఆయన నా దగ్గరకొచ్చి, "నా పేరు సెప్పీమను. నాను సేసిందే కదా" అన్నాడు. నా కళ్ళలోకి చూడలేదు.

సర్వీసు సెంటరులో మేనేజరు చిన్నవాడు, మర్యాదస్తుడు. టీ తెప్పించాడు. ట్రేలో పెట్టిన పిస్టన్లు చూపించాడు. ఒకదాని తల కరిగి, పెనం మీద మాడిన అట్టు అంచులా నల్లగా ముడుచుకుపోయింది. మా తమ్ముడు దాన్ని వేలితో ముట్టుకుని వెంటనే తీసేశాడు.

"ఇందులో ఉన్నది మా ప్రోగ్రామ్ కాదండి" అన్నాడు మేనేజరు. "డీజిలు ఎక్కువ తాగి వేడికి కాలిపోయింది. ఇలా మార్చిన ఇంజనుకి వారంటీ రాదు. ఒక్కటే దారుంది. మీకు తెలియకుండా ఎవరైనా చేసుంటే, ఆ షెడ్డు పేరు పెట్టి కంప్లయింట్ రాసివ్వండి. పైవాళ్ళు ఒప్పుకుంటారని మాటివ్వలేను. అడగడానికి నాకంటూ ఒక ఆధారం ఉంటుంది. ఆ షెడ్డు మీద మాత్రం కేసు వెళ్తుంది."

అడకత్తెరలో పోకచెక్క అంటారు చూడండి, ఆ గదిలో అది నేనే. ఒక పక్క వాడి బండి, ఇంకో పక్క నా ఇల్లు. అయినా చెప్పమన్న మాట చెప్పాలి కదా. "బావే సెప్పమన్నారు. పేరిచ్చీరా" అన్నాను. అంటూనే, వాడు నా మాట వినకపోతే బాగుండునని కూడా అనుకున్నాను. రెండూ నిజమే. ఆ రెండూ ఒక్క గుండెలో ఎలా పట్టాయో ఇప్పటికీ తెలియదు.

"నువ్వూరుకో అప్పా" అన్నాడు వాడు. మేనేజరు వైపు తిరిగి, "నానే సేయించుకున్నాను సార్. తెలిసే సేయించుకున్నాను. ఎవులి పేరూ నేదు" అన్నాడు. ఆ మాటే రాసి సంతకం పెట్టాడు. మేనేజరు మా ఇద్దరి మొహాలూ చూసి ఆ కాగితం ఫైల్లో పెట్టుకున్నాడు.

ఇంటికి రాగానే మా ఆయన అడిగాడు. "సెప్పినాడా?"

"నేదు" అన్నాను.

మరునాడు మా ఆయన ఎవరికీ చెప్పకుండా ఆనందపురం వెళ్ళి, ఆ పని చేసింది తనేనని మేనేజరు ముందు నిలబడ్డాడు. బండి యజమాని తెలిసే చేయించుకున్నానని రాసిచ్చాక మీరొచ్చి చెప్పినా లాభం లేదని పంపేశాడట ఆ అబ్బాయి. కొత్త ఇంజను వెయ్యడం మావల్ల అయ్యే పని కాదు. వాయిదాలు ఆగిపోయాయి. ఫైనాన్సువాళ్ళు వచ్చి బండి తీసుకుపోయారు. తీసుకుపోయే ముందు తమ్ముడు సీటు గుడ్డ ఊడదీసి మడిచి మరదలి చేతికిచ్చాడు. దిష్టితాడు మాత్రం దానికే ఉండనిమ్మన్నాడు. మరదలు ఆ గుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. వాడు ఏడిస్తే బాగుండేది.

ఇప్పుడు వాడు మళ్ళీ పరాయి లారీయే తోలుతున్నాడు. పోర్టు నుంచి బొగ్గు ఎత్తే పాత బండి. చొక్కా ఎంత ఉతికినా ఆ మసి వదలదని మరదలు చెబుతుంది. మా ఆయన లాప్‌టాప్ అమ్మేశాడు. బల్బులు, హారన్లు, తెగిన వైర్లు, ఇవే చూస్తాడు. కళ్ళెం కథ ఎవరికీ చెప్పడం లేదు. నోటికి బ్రేకు లేదని ఏళ్ళ తరబడి సతాయించిన నేనే, ఈ మనిషి ఒక్క వాగుడు వాగితే చాలునని ఎదురుచూస్తున్నాను.

వాళ్ళిద్దరికీ గొడవ లేదు. అదే నా ఏడుపు. గొడవైతే నేను తీర్చేదాన్ని. ఇద్దరి చెవులూ మెలేసి ఒకచోట కూర్చోబెట్టి అన్నం పెట్టేదాన్ని. సిగ్గుపడేవాడికి ఏం చెప్పాలి? తమ్ముడు వస్తున్నాడంటే ఈయన షెడ్డుకి వెళ్ళిపోతాడు. షెడ్డు మూసిన రోజైతే ఏదో ఒక పని పెట్టుకుని వీధి చివరికి పోతాడు. తనను తిట్టవచ్చు కదా, వాడు తనను తిట్టవచ్చు కదా అని ఈయన ఒక్కసారి నాతో అన్నాడు. మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు.

మొన్న ఆదివారం తమ్ముడు చెప్పకుండా వచ్చాడు. ఈయనకి బయటికి పోయే వ్యవధి లేక పెరటి స్నానాలగదిలోకి వెళ్ళి తలుపేసుకుని కుళాయి తిప్పాడు. తమ్ముడికి చేపల పులుసు వడ్డించాను. "బావేడప్పా?" అని అడిగాడు. బయటికెళ్ళారని చెప్పాను. పెరట్లో నీళ్ళు పడుతూనే ఉన్నాయి. వాడు తలెత్తకుండా తిన్నాడు. మెల్లగా, మారు వడ్డించుకుని మరీ తిన్నాడు. కుళాయి ఆగలేదు.

చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళి, ఆ తలుపుకి రెండడుగుల దూరంలో నిలబడ్డాడు.

"బావా, నానెల్తన్నాను."

లోపల కుళాయి ఆగింది. మేమిద్దరం తలుపు వైపే చూస్తున్నాం. తమ్ముడు తడి చెయ్యి లుంగీకి తుడుచుకుని, "మళ్ళీ వత్తాను బావా" అని వీధి వైపు నడిచాడు.